కటర్ అద్దెకిచ్చేవారే వైరూ ఇవ్వాలి

సంపాదకుల వారికి,

ఇల్లు కట్టేచోట కరెంటు షాక్‌తో కూలీ చనిపోయాడన్న వార్త వానాకాలంలో తరచూ కనబడుతుంది. చివర్లో ‘అజాగ్రత్తే కారణం’ అని ఒక ముక్క ఉంటుంది. ఎవరి అజాగ్రత్త అన్నది మాత్రం ఉండదు.

పనిముట్లు అద్దెకిచ్చే షాపులో మార్బుల్ కటర్, బ్రేకర్ ఏదైనా దొరుకుతుంది. దానికున్న వైరు రెండు మూడు మీటర్లు. పని మూడో అంతస్తులో, కరెంటు కింద మీటరు దగ్గర. మధ్య దూరం సంగతి షాపువారు అడగరు, మేస్త్రి అడగడు, ఇంటి యజమాని అసలే అడగడు. పనికొచ్చిన కుర్రాడు ఫ్యాన్లకు వాడే సన్నవైరు తెచ్చి, అతుకులకు టేపు చుట్టి, ప్లగ్గు లేక కొసలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చుతాడు. పైన రాయి కోస్తున్నంతసేపూ నీళ్లు పోస్తూనే ఉంటారు.

1,400 వాట్ల కటర్ సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది. ముప్పావు చదరపు మిల్లీమీటరు రాగి వైరును 30 మీటర్లు లాగితే దారిలోనే 9 వోల్టుల దాకా పోతుంది. దాదాపు 60 వాట్లు వేడిగా మారుతుంది. పరిచిన వైరైతే ఆ వేడి గాలికి పోతుంది. చుట్ట విప్పకుండా వాడితే లోపలే నిలిచి ప్లాస్టిక్ కరుగుతుంది. అందుకే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు కావాలి, చుట్ట మొత్తం విప్పాలి.

‘ఎంసీబీ ఉందిగా’ అంటారు. అది వైరును కాపాడటానికి. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే అంతకు మించిన కరెంటు పారాలి. మనిషి ప్రాణానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్ అయితే లీకేజీని పసిగట్టి రెప్పపాటులో కట్ చేస్తుంది.

కటర్‌కు రెండు పిన్నుల ప్లగ్గేగా, మూడు కోర్ల వైరెందుకని ఇంకొందరు. డబుల్ ఇన్సులేషన్ ఉన్న పనిముట్టుకు నిజంగానే ఎర్త్ అక్కర్లేదు. కానీ సాయంత్రానికి అదే వైరుకు ఇనుప బాడీ ఉన్న నీళ్ల మోటారు తగిలిస్తారు. సైట్లో ఏ వైరూ ఒక్క పనికే పరిమితం కాదు.

కాబట్టి నా వాదన ఒక్కటే. పనిముట్టుతో పాటు ప్లగ్గు బిగించిన మూడు కోర్ల వైరు, ఆర్‌సీసీబీ ఉన్న బాక్సు ఇవ్వడం అద్దె షాపుల బాధ్యత కావాలి. కార్మిక శాఖ దీన్ని నిబంధనగా పెట్టాలి. వైరు తెగ్గొట్టి తెస్తారని షాపువారి భయం. అందులో అబద్ధం లేదు. డిపాజిట్ తీసుకోండి, ఎవరూ కాదనరు. రోజుకూలీకి వచ్చిన కుర్రాడిని మాత్రం ఆ వైరు కొనుక్కోమనడం అన్యాయం.

నిబంధన వచ్చేదాకా ఇల్లు కట్టించుకునేవారే అడిగి తెప్పించాలి. ఆర్‌సీసీబీ మీద ‘టీ’ అక్షరంతో చిన్న బటన్ ఉంటుంది. పని మొదలయ్యే ముందు కరెంటు ఉండగా దాన్ని నొక్కండి. ట్రిప్ కాకపోతే ఆ బాక్సును తిప్పి పంపించండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్,
తెనాలి