అవ్వ ప్లేయర్‌లో ఆడాలి

పూతలపట్టు చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో డీవీడీ ప్లేయర్ ఇంకా టీవీ పక్కనే ఉంది. ఆ ఇంటి అవ్వకు దాని రిమోట్ కొట్టినపిండి. బెంగళూరు నుంచి వచ్చిన మనవడు పెళ్ళి వీడియోను పెన్‌డ్రైవ్‌లో పెట్టి దానికి తగిలిస్తే మాట వినబడుతుంది, బొమ్మ రాదు. ఒక్కోసారి ఫైలే కనబడదు. "అవ్వా, ఇది పాతదైపోయింది, కొత్త టీవీ కొనిస్తాలే" అంటాడు వాడు. ప్రేమతోనే అంటాడు. కానీ ఆమె అడిగింది టీవీని కాదు, పెళ్ళి చూపించమని.

ప్లేయర్ చెడిపోలేదు. డీవీడీ కోసం పెట్టుకున్న ప్రమాణం ఎంపెగ్-2. ఇప్పటి ఫోన్లు తీసే వీడియో హెచ్.264లోనో, హెచ్‌ఈవీసీలోనో ఉంటుంది. మొదటిది 2003లో, రెండోది 2013లో వచ్చాయి. బొమ్మను విప్పే పని ప్లేయర్ లోపలి చిప్పుది. తెలియని భాషను దానికి తర్వాత నేర్పలేం. యూఎస్‌బీ ఉన్న ప్లేయర్లలో చాలావాటికి మహా అయితే డివ్‌ఎక్స్, ఎక్స్‌విడ్ తెలుసు. కొందరు ఫైలు పేరు చివర ఎంపీ4 తీసేసి ఏవీఐ అని రాస్తారు. డబ్బా మీద చీటీ మారిస్తే లోపలి సరుకు మారదు కదా!

మార్చడం అసాధ్యమేమీ కాదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు 'టార్గెట్ పాల్-డీవీడీ' అని చెబితే 720×576 కొలతలో, సెకనుకు 25 ఫ్రేములతో ఎంపెగ్-2 ఫైలు చేసిస్తుంది. దాన్ని డీవీడీ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌తో డిస్కుకు ఎక్కిస్తే 4.7 జీబీలో రెండు గంటల వీడియో బాగానే పడుతుంది. వీసీడీ మాత్రమే ఆడే యంత్రమైతే 352×288కి దించాలి, డిస్కుకు 74 నుంచి 80 నిమిషాలే. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెళ్ళి వీడియోలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

అయితే బటన్ నొక్కి వదిలేసే పని కాదిది. మన వైపు వేసవిలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర జరిగే భారతాన్నే తీసుకోండి. అర్జున తపస్సు రోజున వేషగాడు పద్యాలు పాడుకుంటూ తపస్సుమాను ఎక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు విసిరితే కింద ఆడవాళ్ళు కొంగులు పడతారు. అంత ఎత్తు మానును ఫోన్ నిలువుగా పట్టుకునే తీస్తారు. ఆ వీడియోను పాత టీవీ తెరకు అలాగే దించితే రెండు పక్కలా నలుపే. బొమ్మ తెరలో సగం కూడా నిండదు, వేషగాడి ముఖం గోరంత అవుతుంది. పనితెలిసినవాడు మొదట మాను మొత్తం చూపించి, పద్యం అందుకున్నాక పైభాగాన్ని కత్తిరించి పెద్దది చేస్తాడు. పద్యం వినబడేలా గొంతు కాస్త పెంచుతాడు. ఈ తెలివికి కూలి ఇవ్వాలి, సంతోషంగా ఇవ్వాలి.

పాత ఫార్మాట్‌కు దించితే నాణ్యత పోతుందని స్టూడియోవాళ్ళు వద్దంటారు. పోయేమాట నిజమే, పోయిన వివరం మళ్ళీ రాదు. అందుకే మార్చిన కాపీ చూడ్డానికే ఉండాలి, అసలు ఫైలును చెరపకూడదు. డిస్కు ఇచ్చేశాం కదా అని కార్డు ఖాళీ చేసే అలవాటును నేను గట్టిగా తప్పుపడతాను. అలా చేస్తే రేపు ఆ ఇంటి పిల్లలకు మిగిలేది మసకబొమ్మే.

పెళ్ళికైనా, భారతానికైనా వీడియో మాట్లాడుకునేటప్పుడే రెండూ అడగండి: అసలు ఫైళ్ళు ఒక హార్డ్‌డిస్కులో, అవ్వకు ఒక డీవీడీ. బాకీ డబ్బులు చేతిలో పెట్టేముందు ఆ డీవీడీని స్టూడియో కంప్యూటర్లో కాదు, అవ్వ ప్లేయర్‌లోనే వేయించి, మొదటి నుంచి చివరిదాకా ఆడుతుందో లేదో చూసుకోండి.