రైలా, కారా?

మాఘమాసంలో హైదరాబాదులో మా మేనమామగారి మనుమరాలి పెళ్లి జరిగింది. శుభలేఖ అందిన నాటి నుండి మా ఇంట్లో పెళ్లిని గురించి కంటె, పెళ్లికి ఎలా వెళ్లాలన్న దానిని గురించే ఎక్కువ చర్చ నడిచింది. మేముండేది తెనాలి. పిన్నిది రేపల్లె. అక్కా బావగారూ బాపట్లలో ఉంటారు. అమ్మ, నేను, నా భార్య, మా అబ్బాయి, పిన్ని, అక్క, బావగారు – వెరసి ఏడుగురం.

బావగారు ఫోనులోనే తీర్పు చెప్పేశారు. "రెండు కార్లు వేసుకుందామయ్యా. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే ముహూర్తానికి చాలా ముందే మంటపంలో ఉంటాం. ఈ కాలంలో ఇంకా రైలేమిటి?"

ఈ ప్రశ్నకు నా దగ్గర అప్పటికే ఒక సమాధానం ఉన్నది. ఫోనులో చెప్పగలిగినది కాదు గనుక "ఆలోచిద్దాం బావగారూ" అని ఊరుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్కల సంగతి చూద్దాం. తెనాలి నుండి హైదరాబాదు రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు వస్తుందనుకుంటే 20 లీటర్లు. లీటరు వంద రూపాయలు దాటిన పెట్రోలుకే రెండు వేల పైమాట. బెజవాడ దారిన వెళితే చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి వంటి టోల్ గేట్లు అదనం. ఇది ఒక కారుకు, ఒక వైపుకు మాత్రమే. స్లీపరు టిక్కెట్టు మనిషికి 300 రూపాయల లోపే. ముగ్గురో నలుగురో అయితే కారు మరీ నష్టమేమీ కాదని వాదించవచ్చు, ఏడుగురికి రెండు కార్లంటే ఆ వాదన నిలవదు. అయితే రైలు పక్షాన కూడా ఒక తరుగు ఉన్నది. 58 ఏళ్లు దాటిన స్త్రీలకు సగం, 60 దాటిన పురుషులకు 40 శాతం ఉండిన రాయితీని 2020 మార్చిలో కరోనా పేరిట నిలిపివేశారు. ఆ జబ్బు సద్దుమణిగినా రాయితీ మాత్రం కోలుకోలేదు. పెద్దవాళ్లు ఉన్న ఇళ్లను రైలు నుండి కారు వైపు నెట్టినవాటిలో ఇదీ ఒకటని నా అనుమానం.

డబ్బు మాట అలా ఉంచి, మా మూడు ఊళ్ల అమరికను చూడండి. హైదరాబాదు మాకు వాయవ్యాన ఉంటే రేపల్లె ఆగ్నేయాన ఉన్నది. పిన్నిని కారులో తీసుకురావాలంటే ముందు హైదరాబాదుకు వీపు తిప్పి 34 కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ అంతా వెనుకకు రావాలి. బాపట్ల కారుకు తెనాలితో పనే లేదు, పొన్నూరు, గుంటూరు మీదుగా దాని దారిన అది పోతుంది. ఒకే పెళ్లికి వెళ్లే రెండు కార్లు ఒకదానినొకటి చూసుకొనేది ఇడ్లీల దగ్గర మాత్రమే. డెల్టా ఎక్స్‌ప్రెస్ అలా కాదు. రాత్రి బాగా పొద్దుపోయాక రేపల్లెలో పిన్నిని ఎక్కించుకొని, వేమూరు మీదుగా తెనాలి వచ్చి మమ్మల్ని ఎక్కించుకొని, గుంటూరు, నడికుడి, నల్లగొండల మీదుగా తెల్లవారేసరికి హైదరాబాదులో దింపుతుంది. బాపట్ల నుండి అక్కావాళ్లు నిడుబ్రోలు, చుండూరు దాటి తెనాలి వస్తే అక్కడ కలుస్తారు. జంక్షను అన్న మాటకు అర్థం నాకు ఇటువంటప్పుడే తెలుస్తుంది.

అన్నిటికీ రైలే అని నేను పట్టుబట్టడం లేదు. 2022 ఏప్రిల్ 4 నుండి రేపల్లె వారి జిల్లా కేంద్రం బాపట్ల. అక్కడికి రైలులో వెళ్లదలచినవారు పొరుగున ఉన్న గుంటూరు జిల్లాకు, అంటే మా తెనాలికి వచ్చి, బండి మారి, మళ్లీ తమ జిల్లాలోకి దిగాలి! మద్రాసుకూ బెజవాడకూ పట్టాలు కలిసింది 1899లో, గుంటూరు–రేపల్లె మార్గం వేసింది 1916లో. ఆ పట్టాలు వేసినవారికి బాపట్ల జిల్లా వస్తుందని ఎలా తెలుస్తుంది? అటువంటి పనికి బస్సో కారో ఎక్కవలసిందే. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చినా, మంచం దిగలేని మనిషిని తీసుకువెళ్లాలన్నా కారే. బండి రెండు నిమిషాలు ఆగే చోట, ఎక్కవలసిన పెట్టె ఎక్కడో దూరాన నిలిస్తే, మోకాళ్లు సహకరించని మనిషిని వెంట పెట్టుకొని పరుగెత్తడం ఎంత నరకమో నాకు తెలుసు. ఒక పెద్ద స్టేషనులో పని చేయని లిఫ్టు ముందు నిలబడి, అమ్మను మెట్ల మీద ఒక్కొక్క మెట్టుగా ఎక్కించాను. ఆ రోజు రైల్వేలను నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగినవి కావు.

అయినా రైలు అనడానికి కారణం రెండేళ్ల క్రితం జరిగిన సంగతి.

అప్పుడు అమ్మకు హైదరాబాదులో కంటి శస్త్రచికిత్స చేయించాము. తత్కాల్ తెరుచుకున్న కొద్ది నిమిషాలకే బెర్తులు అయిపోయాయి, కారులో వెళ్లాము. మరునాడు డాక్టరు చూసి పంపించేసరికి సాయంత్రమైంది. రాత్రికి ఇల్లు చేరుదామని నేనే తొందరపడ్డాను. సూర్యాపేట దాటిన తరువాత నాకు కన్ను మూతపడసాగింది. వెనుక సీటులో ఒక కంటికి కట్టుతో కూర్చున్న అమ్మ అది ఎలా కనిపెట్టిందో, నాకు మూడేళ్ల వయసప్పుడు బకింగ్‌హాం కాలువ మీద పడవ ఎక్కిన కథ మొదలుపెట్టింది. మధ్య మధ్య "వింటున్నావా నాన్నా?" అని అడుగుతూ, ఊఁ కొట్టకపోతే గట్టిగా పిలుస్తూ, బెజవాడ దీపాలు కనిపించేదాకా ఆపలేదు. ఒంటికన్నుతో మా అందరికీ కాపలా కాసింది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో పోయినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వం లెక్క. వారిలో ఎందరి బళ్లలో ఇలా కథ చెప్పేవారు లేకపోయారో.

అసలు విషయం అది కూడా కాదు. ఇంటికి వచ్చిన రెండో రోజు అమ్మకు జ్వరం వచ్చింది. కంటికి ఏమైనా అయిందేమోనని హడలిపోయాను. కంటికి ఏమీ కాలేదు, మూత్రంలో ఇన్‌ఫెక్షను. "నీళ్లు సరిగ్గా తాగడం లేదా అమ్మా?" అని డాక్టరు అడిగితే అమ్మ తల వంచుకుంది. ఇంటికి వచ్చాక చెప్పింది. కారు ప్రయాణమంటే ముందు రోజు సాయంత్రం నుండే నీళ్లు మానేస్తుందట. మందు బిళ్లలకు ఒక్క గుక్క, అంతే. "దారిలో ఆపమని నిన్ను ఎన్నిసార్లు అడగనురా? ఆపినా అక్కడ తలుపుకు తాళం ఉంటుంది."

నిజమే. వచ్చేటప్పుడు ఒక బంకులో ఆపాను. ఆడవాళ్ల గదికి తాళం వేసి ఉన్నది. తాళంచెవి ఉన్నవాడు భోజనానికి వెళ్లాడన్నారు. అమ్మ "పరవాలేదులే, పద" అన్నది. నేను నిజంగానే పరవాలేదనుకున్నాను. మగవాడిని కదా, నాకు చెట్టు చాలు.

అంతటితో పోయినా బాగుండేది. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న నా భార్య, "అత్తయ్యగారే కాదండీ, నేనూ అంతే" అన్నది. పెళ్లయి పదిహేడేళ్లు. ఇన్నేళ్లలో శ్రీశైలం వెళ్లాము, తిరుపతి వెళ్లాము, హైదరాబాదుకు లెక్కలేనన్నిసార్లు వెళ్లాము. ప్రతిసారీ ఎన్ని గంటలలో చేరామో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ వేగం వెనుక వెనుక సీటులో ఇద్దరు ఆడవాళ్ల దాహం ఉన్నదని నాకు తెలియలేదు. తెలియలేదనడం కూడా సరి కాదు, నేను అడగలేదు.

రైలు మరుగుదొడ్ల శుభ్రతను గురించి నాకు ఏ భ్రమలూ లేవు. ముక్కు మూసుకొని వెళ్లి ముక్కు మూసుకొని రావలసినవే ఎక్కువ. కాని అవి ఉన్నాయి. ఎవరినీ అడగనక్కరలేదు, ఎవరూ తాళం వేయరు, దాని కోసం బండి ఆపనక్కరలేదు. నా దృష్టిలో మిగిలిన వాదనలన్నీ దీని తరువాతే. కారు మన సమయం మన చేతిలో పెడుతుందంటారు. ఆ "మన" అన్నది స్టీరింగు పట్టుకున్నవాడే. పోనీ వాడికైనా ప్రయాణం దక్కుతుందా అంటే అదీ లేదు. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. వంతెన మీద ఎన్నిసార్లు బండి నడిపినా నేను ఎదుటి లారీనే చూశాను తప్ప ఆ నీళ్లను ఒక్కసారీ తీరికగా చూడలేదు.

ఇక పెళ్లి ప్రయాణం సంగతి. చివరకు రాజీ కుదరలేదు. అక్కా బావగారూ వారి కారులోనే వచ్చారు. మిగిలిన అయిదుగురం డెల్టాలో వెళ్లాము. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు గనుక, ఆ ఉదయమే కూర్చొని తీసుకున్నాను. ఎక్కే ఊళ్లు వేరు గనుక టిక్కెట్లు రెండుగా తీయవలసి వచ్చింది. పిన్నికి ఒక పెట్టె, మాకు ఇంకొక పెట్టె పడ్డాయి. తెనాలిలో మేము ఎక్కేసరికి పిన్ని అప్పటికే మా పెట్టెలోకి వచ్చి, ఎవరో కుర్రవాడిని బతిమాలి బెర్తు మార్పించుకొని, మా సీట్ల మీద దుప్పటి పరిచి కాపలా కాస్తున్నది. ఒడిలో పులిహోర డబ్బా. ఆ అర్ధరాత్రి పులిహోర ఎవరు తింటారన్నాను. గుంటూరు వచ్చేసరికి డబ్బా ఖాళీ. అక్కచెల్లెళ్లిద్దరూ పిడుగురాళ్ల దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. అమ్మ తెచ్చుకున్న లీటరు నీళ్ల సీసా నల్లగొండ దగ్గర చూస్తే సగానికి పైగా అయిపోయి ఉన్నది. నేను కావాలనే చూశాను.

బావగారు చెప్పినట్టే మాకంటె ముందు చేరారు. మంటపం దగ్గర కారు పెట్టుకోవడానికి చోటు దొరకక రెండు వీధుల అవతల పెట్టి నడిచి వచ్చారు. తలంబ్రాల వేళకు మూడో వరుస కుర్చీలో తల వెనుకకు వాల్చి నిద్రపోతున్నారు. ఫొటోలో కూడా అలాగే పడ్డారు. అక్క వచ్చీ రాగానే ఎవరినీ పలకరించకుండా విడిది గదుల వైపు పరుగులాంటి నడకతో వెళ్లింది. ఎందుకో ఇప్పుడు నాకు తెలుసు గనుక అడగలేదు.

వైశాఖంలో అదే ఇంట్లో గృహప్రవేశం ఉన్నది. మొన్న ఆదివారం బావగారు ఫోను చేసి పొన్నూరు రోడ్డును గురించి, పంటను గురించి చాలాసేపు మాట్లాడారు. పెట్టేసే ముందు, "టిక్కెట్లు తీసేటప్పుడు మీ అక్కకు కూడా ఒకటి చూడవయ్యా, కింది బెర్తు అయితే మంచిది" అన్నారు. మీకో అన్నాను. "చూద్దాంలే" అన్నారు.

రెండూ తీశాను.