నేను కూడా నిద్రపోయాను

2020 జూన్‌లో కర్ణాటక హైకోర్టు ఒక అత్యాచారం కేసులో నిందితుడికి ముందస్తు బెయిలు ఇచ్చింది. ఆ ఘటన తర్వాత అలసిపోయి నిద్రపోయానని ఫిర్యాదు చేసిన స్త్రీ చెప్పింది. అలా నిద్రపోవడం భారతీయ స్త్రీకి తగదని, చెరచబడినప్పుడు మన ఆడవాళ్ళు అలా ప్రవర్తించరని ఉత్తర్వులో రాశారు. దేశమంతా గొడవయ్యాక ఆ మాటల్ని తొలగించారు. మాటలు పోయాయి గానీ వాటి వెనకున్న ఆలోచన ఎక్కడికి పోతుంది? అది పోలీస్ స్టేషన్‌లో ఉంది, ఆస్పత్రిలో ఉంది, మన ఇంట్లో ఉంది. మనం రాసే కథల్లో ఉంది. నా దగ్గరా ఉండేది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ వార్త చదివినప్పుడు కోపం కంటే ముందు నాకొక రాత్రి గుర్తొచ్చింది. 2007 ఆగస్టు 25, శనివారం. కోఠీలో పాత పుస్తకాలు కొనుక్కుని బస్సు కోసం నడుస్తున్నాను. ఏడున్నర దాటింది. గోకుల్ చాట్ దగ్గర బాంబు పేలినప్పుడు నేను కొంచెం దూరంలోనే ఉన్నాను. ఆ సాయంత్రం అక్కడా, లుంబినీ పార్కులోనూ కలిపి 42 మంది చనిపోయారు. ఏం చూశానో రాయను, ఇక్కడ దానితో పనిలేదు. ఏం చేశానో చెప్తాను. జనం పరిగెత్తుతుంటే ఫుట్‌పాత్ మీద చెల్లాచెదురుగా పడిన చెప్పుల్ని ఏరి జతలు చేశాను. ఎడమది, కుడిది చూసుకుని, గోడవారగా వరసగా పెట్టాను. ఎంతసేపు చేశానో తెలీదు. ఎవరో పోలీసాయన "వెళ్ళిపొండమ్మా" అని కసిరితే ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. కుక్కర్ పెట్టాను, పప్పు తాలింపు వేశాను. టీవీలో అదే చూపిస్తుంటే మా ఆయన "నువ్వు ఆ వైపే వెళ్ళావు కదూ" అన్నారు. "ఆ, అక్కడే ఉన్నాను" అన్నాను, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు. తర్వాత పడుకుని పది గంటలు ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను.

సోమవారం వెళ్ళి పాఠం చెప్పాను. స్టాఫ్‌రూమ్‌లో అందరూ "మీది గట్టి గుండె మేడమ్" అన్నారు. కాదనలేదు, నాకూ అలాగే అనిపించింది. బుధవారం తాలింపులో ఆవాలు చిటపటలాడగానే గరిటె వదిలేసి గ్యాస్ బండ పక్కన నేలమీద కూలబడ్డాను. చేతులు వణికాయి, కళ్ళముందు చెప్పులు. అప్పట్నుంచి దాదాపు మూడు వారాలు నిద్ర లేదు. తలుపు గట్టిగా వేస్తే ఉలిక్కిపాటు. కోఠీ పేరెత్తితే పిల్లల మీద అరిచేదాన్ని. మాకు తెలిసిన డాక్టరు నరాల బలహీనత అని నిద్రమాత్రలు రాశాడు. అవి ఆ మూడు వారాల్ని తగ్గించలేదు, మబ్బుగా మార్చాయి.

దీనికి పేరుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అక్యూట్ స్ట్రెస్ రియాక్షన్. భరించలేని ఘటన జరిగిన వెంటనే, గంటల్లోనో రోజుల్లోనో, మనిషిలో కనిపించే ప్రతిస్పందన. కొందరు ఏడుస్తారు, వణుకుతారు, అరుస్తారు. కొందరు మొద్దుబారిపోతారు. తాము పక్కన నిలబడి తమనే చూస్తున్నట్టుంటుంది. సంబంధం లేని పనులు ఎంతో శ్రద్ధగా చేస్తారు. కాలం లెక్క తప్పుతుంది, జరిగినదాంట్లో ముక్కలు మాత్రమే గుర్తుంటాయి, వాటి వరస గుర్తుండదు. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు శరీరం ఉన్న బలమంతా ఒక్కసారి బయటికి తీస్తుంది, అది అయిపోయాక కూలిపోతుంది. ఆ కూలడమే కొందరిలో నిద్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో దీన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తీసేసింది. ఘటన తీవ్రతను బట్టి అది మామూలు ప్రతిస్పందనే అంది. చాలామందిలో కొద్ది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గకుండా రోజువారీ బతుకును పట్టి ఆపేస్తుంటే వైద్యం కావాలి. నెల దాటినా పీడకలలు, ఉలికిపాట్లు, తప్పించుకు తిరగడం పోకపోతే అది వేరే సంగతి, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళి తీరాల్సిన సంగతి. చచ్చిపోవాలన్న మాట వస్తే మాత్రం నెలా లేదు, వారమూ లేదు, ఆ రోజే వెళ్ళాలి.

ఇప్పుడు నా ప్రశ్న. నేను ఏడవకపోతే ధైర్యం అన్నారు. బాంబు పేలలేదేమో, ఈవిడ అబద్ధమాడుతోందేమో అని ఒక్కరూ అనలేదు. చదువుకున్నదాన్ని, ఉద్యోగం ఉన్నదాన్ని, పైగా నాకు జరిగినదాంట్లో నా 'శీలం' ప్రసక్తి లేదు. సరిగ్గా అయిదు రోజుల ముందు, ఆగస్టు 20న, విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది కోందు స్త్రీలు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. మావోయిస్టులు చెప్పించిన కథ అన్నారు పోలీసులు. ఆ కేసు విచారణకు రావడానికే సుప్రీంకోర్టు దాకా నడిచింది. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ వదిలేసింది. దర్యాప్తు చేసినవాళ్ళ వైఫల్యాన్ని ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్ళు పట్టింది. ఒకే వారంలో జరిగిన రెండు ఘటనలు. నా మాటకు రుజువు అడిగినవాళ్ళు లేరు, వాళ్ళ మాటకు ఏ రుజువూ చాలలేదు.

ఏడుపే రుజువు అని ఎవరు చెప్పారు? సైన్స్ చెప్పలేదు. ఆన్ బర్జెస్, లిండా హోమ్‌స్ట్రోమ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో బోస్టన్ సిటీ హాస్పిటల్‌కు వచ్చిన అత్యాచార బాధితులతో మాట్లాడి 1974లోనే ఒక వ్యాసం అచ్చువేశారు. మొదటి గంటల్లో కొందరు స్త్రీలు భావాలు బయటపెట్టారు, కొందరు పూర్తి నిబ్బరంగా కనిపించారు, ఈ రెండు రకాలూ దాదాపు సమానంగా ఉన్నారు అన్నారు. బయటపెట్టిన వాళ్ళలో ఏడ్చినవాళ్ళే కాదు, నవ్వినవాళ్ళూ ఉన్నారు. 2017లో స్టాక్‌హోమ్ అత్యవసర క్లినిక్‌లో 298 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనంలో 70 శాతం మంది దాడి సమయంలో గణనీయమైన స్థాయిలో శరీరం బిగుసుకుపోయి కదలలేకపోయారని తేలింది. వాళ్ళు ఎదిరించకూడదని అనుకున్నవాళ్ళు కాదు. కాలూ చెయ్యీ ఆడలేదు, అంతే. మనకు ఈ మాట ఎప్పటినుంచో ఉంది, కోర్టుకే కొత్త.

1972లో దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ బాలికకు జరిగినదాని మీద సుప్రీంకోర్టు 1978లో ఇచ్చిన తీర్పు మనందరికీ తెలుసు. ఒంటి మీద గాయాల్లేవు, అరవలేదు, కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నారు. దాన్నుంచే ఉద్యమం వచ్చింది, 1983లో చట్టం మారింది. శరీరంతో ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతి ఉన్నట్టు కాదని 2013 నుంచి చట్టంలోనే రాసి ఉంది, ఇప్పటి న్యాయసంహితలోనూ ఉంది. అయినా 2021లో గోవాలో ఒక పేరున్న సంపాదకుణ్ణి నిర్దోషిగా వదిలేస్తూ సెషన్స్ కోర్టు ఏం చేసింది? ఆ తర్వాతి ఫోటోల్లో ఆమె నవ్వుతూ ఉండటాన్ని పట్టుకుంది. ఆ తీర్పు రాసింది ఒక స్త్రీ. మగబుద్ధి మగవాళ్ళ దగ్గరే ఉంటుందనుకునే వాళ్ళ కోసం ఈ మాట.

అసలు మనం మాత్రం? మన కథలు ఒకసారి తిరగేయండి. అత్యాచారం జరిగిన స్త్రీ షవర్ కింద కూర్చుంటుంది, జుట్టు పీక్కుంటుంది, గోడకేసి తల బాదుకుంటుంది. సినిమా నుంచి తెచ్చుకున్నామా, సినిమాకి మనమే ఇచ్చామా తెలీదు. అన్నం వండుకుని తిని పడుకున్న స్త్రీని ఎన్ని కథల్లో రాశాం? జడ్జీలు ఆకాశం నుంచి ఊడిపడరు, వాళ్ళూ ఈ కథలే చదువుకుని, ఈ సినిమాలే చూసి వస్తారు.

పేలుడుకు మూడేళ్ళ ముందు, 2004లో, నేనొక నిజనిర్ధారణ బృందంలో ఒక పల్లెకు వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. ఆమె గుడిసె ముందు కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. అంతకు ముందు పోలీసులకు, డాక్టరుకు, మేజిస్ట్రేటుకు, రెండు సంఘాల వాళ్ళకు చెప్పింది. మాది ఆరోసారి. చేతులు ఆపకుండా, గొంతు మారకుండా, వేరే ఎవరికో జరిగినట్టు చెప్పింది. రెండు చోట్ల వరస తప్పింది. నా పక్కనావిడ చెవిలో "ఏం బాధ లేనట్టే ఉంది కదండీ" అంది. నేను జవాబు చెప్పలేదు. కానీ రిపోర్టు రాసేటప్పుడు 'కన్నీళ్ళతో మాకు వివరించింది' అని రాశాను. నాలుగు నెలల తర్వాత ఆ రిపోర్టు ఆమెకు చదివి వినిపించడానికి వెళ్ళాం. ఆ వాక్యం దగ్గర ఆపింది.

"నేను ఏడ్వలే గదమ్మా. ఎందుకట్ల రాసినవ్?"

"అట్లా రాస్తేనే నమ్ముతారని..." అన్నాను.

"అయితే నువ్వు గూడ నమ్మలే" అంది.

నమ్మానని చెప్పబోయాను. నోరు రాలేదు.

ఆరుసార్లు చెప్పించడం మేలు చేస్తుందనుకునే వాళ్ళం ఆ రోజుల్లో. లోపలిదంతా కక్కేస్తే భారం దిగుతుందని. అది తప్పు. ఘటన జరిగిన వెంటనే కూర్చోబెట్టి వివరంగా చెప్పించడం వద్దని, మొదటి నెలలో ఈ లక్షణాలకు మత్తు, నిద్ర కలిగించే బెంజోడయాజిపైన్ మాత్రలూ ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. కావాల్సింది చాలా చిన్న పనులు. మళ్ళీ ప్రమాదం రాని చోటు, నీళ్ళు, దుప్పటి, ఆమె కోరుకున్న ఒక మనిషి. చెప్తే వినడం, చెప్పకపోతే ఊరుకోవడం. తర్వాత ఏం జరగబోతోందో, ఎవరు ఏ పరీక్ష ఎందుకు చేస్తారో ముందుగా చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే ముట్టుకోవడం. "మరిచిపో" అనకపోవడం, "నువ్వెందుకెళ్ళావు" అని అస్సలు అనకపోవడం. నిద్ర వస్తే పడుకోనివ్వడం. ఇందులో ఏదీ ఖర్చుతో కూడినది కాదు, అయినా జరగదు. సఖి కేంద్రాలు పెట్టారు, హైదరాబాద్‌లో 2016లో భరోసా వచ్చింది, మంచిదే. ఆ గడప దాకా రాని వాళ్ళకు మొదట ఎదురయ్యేది కానిస్టేబులు, ఆశా కార్యకర్త, అమ్మ, అత్త, లేదా మనలాంటి సంఘం మనిషి. ఈ నాలుగు ముక్కలు తెలియాల్సింది వాళ్ళకే.

కాబట్టి నేను అడిగేది జడ్జీల్ని కాదు, వాళ్ళను అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. మన బృందాల్ని అడుగుతున్నాను. ఆమె వాంగ్మూలం ఇప్పటికే ఎక్కడైనా ఉంటే దాన్నే చదువుకోండి, మళ్ళీ చెప్పించకండి. తప్పదంటే ఒక్కరే అడగండి, ఒక్కసారే అడగండి. ఆమె ఎలా కనిపించిందో రాయాల్సి వస్తే చూసింది రాయండి, కోర్టుకు నచ్చేది కాదు.

ఆ రిపోర్టు సైక్లోస్టైల్ ప్రతి ఒకటి నా దగ్గరుంది. మొన్న ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు తీశాను. మూడో పేజీలో 'కన్నీళ్ళతో' కొట్టేసి, పైన 'బియ్యం ఏరుతూ' అని రాసి, పక్కన తేదీ వేశాను.