వేషాలెయ్యకు!

మన భాషలో పిల్లల్ని తిట్టాలంటే నాటకరంగమే దిక్కు. "వేషాలెయ్యకు", "నాటకాలాడుతున్నావా", "ఆ డ్రామాలు కట్టిపెట్టు". అన్నం తిననని మొరాయించినా నాటకమే, కడుపునొప్పి అన్నా నాటకమే. "కోడింగు చెయ్యకురా వెధవా" అని తిట్టిన తండ్రిని మాత్రం నేనింతవరకూ చూడలేదు.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్ళలో మనవాళ్ళు ఇల్లు కొనేముందు స్కూలు రేటింగు చూస్తారు. ఆ స్కూల్లో ఆడిటోరియం ఉందనీ, నెలజీతం మీద పనిచేసే డ్రామా టీచరు ఉందనీ ఎవరూ చూడరు. ఆస్తిపన్ను మాత్రం వాటిక్కూడా కలిపే కడుతున్నాం!

టెక్సస్‌లో హైస్కూలు పూర్తి చెయ్యాలంటే కళల్లో ఒక క్రెడిట్ తప్పనిసరి. మనకది చదువు కాదు, దారిలో అడ్డొచ్చిన గుంట. ఎంత తొందరగా దాటేస్తే అంత మంచిది. ఎందుకంటారా? ర్యాంకు. క్లాసులో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటిచ్చే చట్టం 1997లో వచ్చింది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి వచ్చేసరికి ఆ 10 శాతం కాస్తా తగ్గుతూ తగ్గుతూ, 2026 అడ్మిషన్లకి 5 దగ్గర ఆగింది. మా డిస్ట్రిక్ట్ లెక్కలో ఏపీ క్లాసులో వచ్చిన 'ఏ'కి బరువెక్కువ, థియేటర్ క్లాసులో వచ్చిన 'ఏ'కి తక్కువ. అంటే, నాటకంలో మీ పిల్ల నూటికి నూరు తెచ్చుకున్నా సగటు కిందికి జారుతుంది! పిల్లలకి లేని ఈ లెక్క తండ్రులకుంది. నాకూ ఉంది. ఎక్సెల్లో వేసి పెట్టుకున్నాను.

రెండేళ్ళ క్రితం మా అమ్మాయి స్కూల్లో కెరీర్ డే అంటే వెళ్ళాను. కెఫెటీరియాలో వరసగా బల్లలు. నాలుగు బల్లల దగ్గర మనవాళ్ళమే, నలుగురమూ ఐటీయే. వచ్చిన పిల్లలకి నలుగురమూ ఒకే మాట చెప్పాం. నా ముందు క్యాండీ అయిపోయింది గానీ ప్రశ్న ఒక్కటీ రాలేదు. పక్క బల్ల దగ్గర, డౌన్‌టౌన్ థియేటర్లో లైట్లు చేసే ఒకావిడ చిన్న బోర్డు ఒకటి పెట్టుకు కూర్చుంది. అక్కడ క్యూ. ఒక మీట పైకి తోస్తే తెల్లవారింది, ఇంకోటి తోస్తే సాయంత్రమైంది. ఆ క్యూలో మూడో పిల్ల మా అమ్మాయి.

ఆ రాత్రి తను టెక్నికల్ థియేటర్ తీసుకుంటానంది. ఎక్సెల్ తెరిచి చూపించాను. కోర్సుల కాగితంలో ఆ గడి కొట్టేసి ఏపీ కంప్యూటర్ సైన్స్ అని రాసింది నేనే.

మర్నాటి వసంతంలో ఆ స్కూలు ఏకాంకిక పోటీకి వెళ్తే, "చూడ్డానికైనా తీసుకెళ్ళు" అంది. టెక్సస్ హైస్కూళ్ళ మధ్య 1920ల నించీ జరుగుతున్న పోటీ అది. సెట్టు వెయ్యటానికి 7 నిమిషాలు, నాటకానికి 40, తీసెయ్యటానికి మళ్ళీ 7. ఒక్క నిమిషం దాటినా అనర్హులే. చీకట్లో పిల్లలు మాటా పలుకూ లేకుండా ఒక ఇల్లు నిలబెట్టేశారు. స్టాప్‌వాచి పట్టుకున్న స్టేజి మేనేజరుకి పదహారేళ్ళుంటాయేమో. ఇరవై ఏళ్ళుగా నేను చేసిన ప్రాజెక్టుల్లో చెప్పిన రోజున లైవ్‌కి వెళ్ళినవెన్నో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. సిగ్గేసింది.

"నాటకం కూడు పెడుతుందా?" అంటారు. నటన చాలామందికి పెట్టదు, ఒప్పుకుంటాను. కానీ నాటకమంటే వేషం కట్టేవాడొక్కడే కాదు కదా. లైట్లు, శబ్దం, సెట్లు, దుస్తులు, ఆ డ్రామా టీచరు ఉద్యోగం... ఇవన్నీ జీతాలే. అయినా, 2008లోనూ 2023లోనూ బెంచి మీద కూర్చున్న మనమా స్థిరత్వం గురించి పాఠాలు చెప్పేది?

"మన సంస్కృతి కాదు" అనేవాళ్ళకి మాత్రం ఓపిగ్గా జవాబు చెప్పలేను. కడప జిల్లా సురభి ఊళ్ళో 1885లో మొదలైన నాటక కుటుంబాల్లో తాత వేషం కడితే మనవడు తెరవెనక తాడు లాగేవాడు. బళ్ళారి రాఘవ పగలు కోర్టులో వాదించి రాత్రి రంగస్థలమెక్కాడు. మన సంఘాలేమో వేలకి వేలు పోసి సినిమావాళ్ళని దింపి, పిల్లలకి ఐదు నిమిషాల రికార్డింగ్ డాన్సు పారేసి, దాన్ని సంస్కృతి అంటున్నాయి.

డాలస్ థియేటర్ సెంటర్ ఏళ్ళ తరబడి హైస్కూలు పిల్లల్ని పిలిచి, ముందు నాటకం గురించి వర్క్‌షాపు పెట్టి, తర్వాత నాటకం చూపించింది. తలుపు తీసి పిలిచేవాళ్ళున్నారు. పర్మిషన్ స్లిప్పు మీద సంతకం పెట్టాల్సిన చెయ్యే మనది.

మా అమ్మాయిప్పుడు పదకొండో క్లాసు. ఈ ఏడైనా తీసుకోమన్నాను. "పీరియడ్లు ఖాళీ లేవు నాన్నా. అక్కర్లేదులే" అంది, కోపంగా కూడా కాదు.

ఉగాదికి మా సంఘం స్టేజి లైట్ల కోసం ఒక కంపెనీకి డబ్బు కడుతుంది. ఈసారి ఆ బోర్డు దగ్గర స్కూలు డ్రామా పిల్లల్ని కూర్చోబెడదాం, వాళ్ళ టీచర్ని కూడా పిలుద్దాం అని కమిటీకి రాశాను. "ముఖ్య అతిథి మాట్లాడుతుంటే లైట్లు ఆరిపోతే పూచీ ఎవరిది?" అని జవాబొచ్చింది.

నాది అని రాశాను.