నదిని కొలువక విద్యుత్తు లేదు

నస్పూరు బొగ్గుగనుల యూరు. దాని చెంతనే గోదావరి ప్రవహించుచున్నది. వర్షకాలమున దరులొరసి పాఱు నీటిని జూచి, ఇచ్చటి వాగులపై చిన్న జలవిద్యుత్కేంద్రములు నెలకొల్పరాదా యని పలువురడుగుచుందురు. అడుగుట న్యాయమే. కాని వఱదను జూచి యంత్రమును గొనుట, పెండ్లివిందును జూచి సంసారపు ఖర్చు లెక్కించుట వంటిది.

సెకనుకొక ఘనమీటరు నీరు పది మీటర్ల యెత్తునుండి పడినచో, నష్టములు పోగా, సుమారు 70 కిలోవాట్ల శక్తి లభించును. పడు ఎత్తును మనము నిర్ణయింపగలము. వచ్చు నీరు మన చేతిలో లేదు. మన నదుల నీటిలో నధికభాగము జూన్ మొదలు అక్టోబరు వఱకే వచ్చును గాన వార్షికపు సగటు మోసకారి. ఏడాదిలో నెన్ని దినములు ఎంత నీరు తప్పక పాఱునో, అదియే యంత్రపు పరిమాణమును నిర్ణయింపవలెను. అందులకు కొలబద్ద నాటి ప్రతిదినము నీటిమట్టమును వ్రాయవలెను. వాగు వెడల్పును, లోతును, నీటివేగమును పలుమారులు కొలువవలెను. ఒక్క యేటి లెక్క చాలదు.

గరిష్ఠప్రవాహమును గూడ మఱువరాదు. కడెము ఆనకట్ట 1958లో వఱదకు తెగెను. 2022 జూలైలో గేట్ల శక్తిని మించిన వఱద రాగా దిగువ గ్రామములవారు ఇండ్లు విడువవలసివచ్చెను.

గోదావరికి మంచిర్యాలలో కేంద్ర జలసంఘమువారి కొలత కలదు. వాగులకును అట్టి కొలత కావలెను. ఆ లెక్కలు తెలుగున ప్రకటింపబడిన పిదపనే ప్రజాధనమును ముట్టవలెనని మేము కోరుచున్నాము. లెక్క ప్రజలకు దెలిసిననే పని ప్రజలదగును.