హల్క్ పట్టాలూ, నా సపోర్టు ప్రాజెక్టూ

"ఆర్లాండోలో హల్క్ రోలర్ కోస్టర్ ని దాదాపు ఏడాది మూసేసి, మళ్ళీ అదే కట్టారట. డబ్బు దండగ!" మొన్న లంచ్ లో మా మేనేజరు గారి తీర్పు ఇది. నాకు ఒళ్ళు మండింది.

అయ్యా, 1999లో మొదలైన ఆ కోస్టర్ మామూలు వాటిలా గొలుసు పట్టుకుని టకటకా పైకెక్కదు. ఒక గొట్టంలో వరసగా తిరిగే టైర్లు బండిని పట్టి, రెండు సెకన్లలో గంటకు 40 మైళ్ళ వేగంతో ఎగువకి విసిరేస్తాయి. బయటపడగానే తలకిందులు! అలా మొత్తం ఏడు సార్లు. అంత కరెంటు ఒక్కసారిగా లాగితే ఊరి లైట్లు డిమ్మవుతాయని, కట్టినప్పుడే పెద్ద పెద్ద ఫ్లైవీల్స్ పెట్టి శక్తిని ముందే దాచారు (మనం బఫర్ అంటామే, అదే అన్నమాట).

రోజంతా అలా విసురుతూ పదహారేళ్ళు గడిస్తే ఇనుము అలిసిపోదా? అందుకే 2015లో మూసి, పట్టాలూ స్తంభాలూ మార్చి, 2016లో తెరిచారు. మలుపులు మాత్రం అవే.

ఇది దండగట! మూడేళ్ళుగా నేను చేస్తున్నదీ ఇదే. రాత్రి రెండింటికి లేచి సర్వరు పడకుండా చూశానని అప్రైజల్ లో చెబితే, "సరే, కొత్తగా ఏం చేశావ్?" అన్నారు ఈయనే. పెళ్ళిచూపుల్లోనూ అదే వరస, "డెవలప్మెంటా, సపోర్టా బాబూ?" అని.

ఈయన్ని హల్క్ ముందు వరసలో కూర్చోబెట్టి, సరిగ్గా బండి కదిలే ముందు చెవిలో చెప్పాలనుంది: "పట్టాలు పాతవేనండీ, దండగని మార్చలేదు."