అన్న నీడలో తమ్ముడు



ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే మన నోట అలవాటుగా వచ్చే మాట ఒకటుంది: "మీ అన్నను చూసి నేర్చుకో." పదవ తరగతి ఫలితాలు వచ్చిన రోజున అంటాం. చుట్టాలు వచ్చినప్పుడు వారి ముందే అంటాం. ఆఖరికి సండేస్కూల్లో కంఠతవాక్యం తడబడినా అదే మాట అంటాం. బిడ్డ మంచికోసమే అంటున్నామని మన నమ్మకం. వినే బిడ్డ మనసులో మాత్రం "నేను ఎంత చేసినా అన్న తరువాతే" అన్న తలంపు వేరు పట్టుకుంటుంది. మర్రిచెట్టు కింద మొక్క ఎదగదని పెద్దలు ఊరకే అనలేదు.

ఈ నెల అలాంటి నీడలో నుండి బయటికి వచ్చిన ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టును గురించి చెప్పదలచాను. దేశం మనది కాదు, ఆటా మనది కాదు. కథ మాత్రం మన ఇళ్లలోనిదే.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులా రెండు వైపులా కొనదేలిన బంతిని చేతులతో పట్టుకొని పరుగెత్తుతారు, విసురుతారు. తలకు హెల్మెట్లు, భుజాలకు కవచాలు ధరిస్తారు. మైదానం చివర నిలబెట్టిన రెండు స్తంభాల మధ్యగా బంతిని తన్నితే మూడు పాయింట్లు. కాలేజీ విద్యార్థుల ఆటే అయినా, కొన్ని విశ్వవిద్యాలయాల మైదానాలలో లక్షమందికి పైగా కూర్చొని చూస్తారు. ఒకే రాష్ట్రంలోని రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఆట అంటే ఆ రోజు ఒకే ఇంట్లో వారు కూడా రెండు పక్షాలవుతారు.

ఫ్లోరిడా రాష్ట్రంలో 1905లో వచ్చిన ఒక చట్టం ఉన్నత విద్యను విభజించింది. తెల్లజాతి యువకుల విశ్వవిద్యాలయం గేన్స్‌విల్‌కు వెళ్లింది. టాలహాసీలో స్త్రీల కళాశాల మిగిలింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు చదువుల కోసం వేల సంఖ్యలో తిరిగివచ్చేసరికి గేన్స్‌విల్‌లో చోటు చాలలేదు. అందుచేత 1947లో టాలహాసీ కళాశాల స్త్రీ పురుషులు కలిసి చదివే ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంగా మారింది. ఆ సంవత్సరమే ఫుట్‌బాల్ జట్టును కూడా కూర్చారు. ఆడినవి ఐదు ఆటలు. ఐదూ ఓడిపోయారు.

పెద్దవాడైన ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఈ చిన్నవాడితో ఆడటానికి చాలాకాలం ఒప్పుకోలేదు. గెలిస్తే కొత్తగా వచ్చే పేరు లేదు, ఓడితే తలవంపులు. ఇద్దరూ ఆడి తీరాలని 1955లో శాసనసభలో బిల్లు పెట్టారంటే పట్టుదలలు ఎంతవరకు వెళ్లాయో చూడండి. ఆ బిల్లు నెగ్గలేదు. చివరికి 1958లో మొదటి ఆట జరిగింది. పెద్దవారు 21–7 తేడాతో గెలిచారు. మొదటి ఆరు సంవత్సరాలూ ఆట పెద్దవారి ఊరిలోనే. తమ్ముడే అన్న ఇంటికి వెళ్లాలి గాని అన్న తమ్ముడి గడప తొక్కడు. 1964లో మొదటిసారి టాలహాసీలో ఆడినప్పుడు చిన్నవారు 16–7తో గెలిచారు గాని ఆ సంతోషం నిలువలేదు. 1976 వరకు జరిగిన 19 ఆటలలో పెద్దవారు 16 గెలిచారు, ఒకటి సమానమైంది, చిన్నవారికి దక్కినవి రెండే. 1973 మొదలుకొని 1975 వరకు మూడేళ్లలో ఫ్లోరిడా స్టేట్ ఎవరితో ఆడినా సరే, 33 ఆటలలో నాలుగు మాత్రమే గెలిచింది.

అటువంటి స్థితిలో 1976లో బాబీ బౌడెన్ అనే కోచ్ అక్కడికి వచ్చాడు. ఆయన అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో 1929లో పుట్టిన బాప్తిస్టు సంఘస్థుడు. పదమూడవ ఏట కీళ్లవాత జ్వరం వచ్చి, ఏడాదికి పైగా మంచం పట్టాడు. రేడియోలో ఫుట్‌బాల్ ఆటలు వింటూ, తనను స్వస్థపరిస్తే ఆట ద్వారానే దేవుని సేవిస్తానని ఆ పిల్లవాడు ప్రార్థించాడు. ఆ మాట పెద్దయ్యాక మరచిపోలేదు. ఆదివారాలలో సంఘాలకు వెళ్లి వాక్యం చెప్పేవాడు. జట్టును తీసుకొని తెల్లవారి ఆలయానికీ, నల్లవారి ఆలయానికీ కూడా వెళ్లేవాడు.

ఆయన నవ్విస్తూ చెప్పే సంగతి ఒకటుంది. అలబామాలో ఉన్నప్పుడు ఎక్కడ చూసినా ఆబర్న్‌ను ఓడించాలనే మాటే. వెస్ట్ వర్జీనియాలో పనిచేసినప్పుడు పిట్స్‌బర్గ్‌ను ఓడించాలనే మాటే. ఫ్లోరిడా స్టేట్‌కు వచ్చాక కార్ల వెనుక స్టిక్కర్లు చూస్తే, ఎవరో ఒకరినైనా ఓడించండి అని ఉందట! ఓటమికి అలవాటుపడిన వారి నవ్వు అది. కాని ఆ మాటలో ఒక మేలు కూడా దాగి ఉందనిపిస్తుంది. ఒక్క ఎదుటివాడి మీదనే కన్ను పెట్టుకొని బతకనక్కరలేదు.

బౌడెన్ చేసిన పని కూడా అటువంటిదే. 1977లో ఆయన జట్టు గేన్స్‌విల్‌కే వెళ్లి 37–9తో గెలిచి, తొమ్మిదేళ్ల వరుస ఓటములకు ముగింపు పలికింది. అంతటితో పండుగ చేసుకొని కూర్చోలేదు. దేశంలో పేరుమోసిన జట్లు ఎక్కడ రమ్మంటే అక్కడికి వెళ్లారు. 1980లో నెబ్రాస్కా జట్టును వారి మైదానంలోనే 18–14తో ఓడించినప్పుడు, ఓడినా తమను మర్యాదగా సాగనంపిన అక్కడి ప్రేక్షకులకు బౌడెన్ కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశాడు. 1981లో వరుసగా ఐదు ఆటలు పరాయి మైదానాలలోనే: నెబ్రాస్కా, ఒహాయో స్టేట్, నోటర్ డేమ్, పిట్స్‌బర్గ్, లూసియానా స్టేట్. మూడు గెలిచారు, రెండు ఓడారు. ఓడినా నేర్చుకున్నారు. ఇంటి దగ్గరి మర్రిచెట్టును తిట్టుకుంటూ కూర్చున్న మొక్క కాదు, వేరే నేలలో వేరు వేసుకున్న మొక్క.

ఇంతటితో కథ సుఖాంతమైతే బాగుండును. కాని అదే 1981 నుండి 1986 వరకు ఆరేళ్లు వరుసగా మళ్లీ పెద్దవారే గెలిచారు. ఒకసారి నీడ దాటినవాడు మళ్లీ నీడలో పడ్డాడు. మన ఇళ్లలోనూ ఇంతే కదా! ఒక ఏడాది మంచి మార్కులు తెచ్చుకున్న బిడ్డ మరుసటి ఏడాది వెనుకబడతాడు. "అప్పుడే అనుకున్నాం" అంటాం.

1986 సెప్టెంబరులో ఆ జట్టుకు ఓటమికన్న పెద్ద దెబ్బ తగిలింది. జట్టులోని ఒక యువకుడు తుపాకి గుండుకు బలయ్యాడు. బౌడెన్ ఆటగాళ్లందరినీ సమావేశపరచి, ఆ కుర్రవాడు రోజూ కూర్చునే కుర్చీ ఖాళీగా ఉండటం చూపించి, నిన్నటిదాకా మనతో ఉన్నవాడు నేడు లేడు, మీలో ఎవరికి ఈ గతి పట్టినా ఎక్కడికి వెళతారో ఎరుగుదురా అని అడిగాడు. ఆ గదిలో మార్క్ రిక్ట్ అనే యువ సహాయకుడు ఉన్నాడు. ఆటగాళ్లతో చెప్పిన మాట అతని గుండెను తాకింది. అతడు బౌడెన్ గదికి వెళ్లి తన జీవితాన్ని క్రీస్తుకు అప్పగించుకున్నాడు. తరువాత అతడు జార్జియా విశ్వవిద్యాలయానికి ప్రధాన కోచ్ అయి, తన సాక్ష్యాన్ని అనేకులకు చెప్పాడు. స్కోరు బోర్డు మీద ఎక్కని గెలుపు ఇది.

1987 నుండి 2000 వరకు పద్నాలుగు సంవత్సరాలు వరుసగా ఆ జట్టు దేశంలోని మొదటి ఐదు జట్లలో ఒకటిగా సీజను ముగించింది. అయినా అగ్రస్థానం మాత్రం చేతికందలేదు. అదే రాష్ట్రంలోని మియామీ జట్టు మరో అన్నలా అడ్డుపడింది. 1991లో 17–16, 1992లో 19–16 తేడాతో మియామీ చేతిలో ఓడారు. రెండుసార్లూ చివరి క్షణాలలో తన్నిన బంతి స్తంభానికి కుడిపక్కగా వెళ్లిపోయింది. ఏమైనా ఈయన మియామీతో ఆడాడు అని తన సమాధి రాతి మీద చెక్కుతారేమోనని బౌడెన్ నవ్వేశాడు. బంతి తన్నిన కుర్రవాళ్లను నలుగురిలో నిందించడం కన్న తన మీద తాను నవ్వుకోవడం మేలు కదా.

1994 జనవరి 1న నెబ్రాస్కాతో చివరి ఆట. ఫ్లోరిడా స్టేట్ 18–16తో ముందున్నది. ఆఖరి క్షణంలో ఈసారి గురి తప్పింది నెబ్రాస్కాది. ఆ విధంగా 1993 సీజనుకు వారికి మొదటి జాతీయ చాంపియన్ బిరుదు దక్కింది. ఇక్కడ ఒక మాట గమనించాలి. ఆ రోజు ఓడిన నెబ్రాస్కా కోచ్ టామ్ ఆస్‌బోర్న్ కూడా విశ్వాసియే, ప్రార్థనాపరుడే. కనుక భక్తిగలవాడు గెలుస్తాడనీ, ఓడినవాడికి విశ్వాసం లేదనీ ఎవరూ అనకండి. దేవుడు స్కోరు చూసి పక్షం వహించేవాడు కాడు. ఆస్‌బోర్న్ గెలుపుకు మరో సంవత్సరం ఆగవలసి వచ్చింది, అంతే.

మొక్క చెట్టయ్యాక ఏమవుతుంది? తానే నీడ వేస్తుంది. చీడ కూడా పడుతుంది. 1996 నవంబరులో వారు పెద్దవారిని 24–21తో ఓడించారు. కాని 1997 జనవరిలో మళ్లీ ఎదురెదురుగా నిలిచినప్పుడు 52–20తో పెద్దవారే గెలిచి తమ మొదటి జాతీయ బిరుదును తీసుకువెళ్లారు. 1999లో ఫ్లోరిడా స్టేట్‌కు రెండవ బిరుదు వచ్చింది. తరువాత 10 క్రీడలకు చెందిన 61 మంది విద్యార్థులు చదువులో అక్రమాలకు పాల్పడినట్టు బయటపడింది. శిక్షగా బౌడెన్ లెక్కలో నుండి 12 గెలుపులు కొట్టివేశారు. 389 కావలసినవి 377 అయ్యాయి. 34 సీజన్లు పనిచేసి ఆయన 2009తో విరమించాడు. 2021 ఆగస్టులో 91వ ఏట ప్రభువు సన్నిధికి చేరాడు. దైవభక్తిగల కోచ్ ఉన్న చోట ఇలా ఎలా జరిగిందని అడగవచ్చు. గెలుపు అలవాటైన ఇంట్లో, ఎలా గెలిచామన్న ప్రశ్న మెల్లగా మానేస్తాం. మార్కులు చూస్తాం గాని అవి ఎలా వచ్చాయో చూడం. ఇది తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక.

నేడు లెక్క చూస్తే అన్నకు మూడు జాతీయ బిరుదులు (1996, 2006, 2008), తమ్ముడికి మూడు (1993, 1999, 2013). సరిసమానం. అయితే 2024లో ఆ తమ్ముడే పన్నెండు ఆటలలో పది ఓడిపోయాడు. మనుష్యులతో పోల్చుకొని పొందే ఘనత ఎంత నిలకడ లేనిదో దీనినిబట్టి తెలుస్తుంది.

పునరుత్థానుడైన ప్రభువు సముద్ర తీరాన పేతురును మరల పిలిచి, అతని ముందున్న మార్గం చెప్పాడు. పేతురు వెంటనే వెనుకకు తిరిగి యోహానును చూసి, మరి ఇతని సంగతి ఏమిటని అడిగాడు. అంతకుముందే మూడుసార్లు ప్రభువును ఎరుగనన్నవాడు, క్షమాపణ పొందినవాడు, అప్పుడే పోలిక మొదలుపెట్టాడు! దానితో నీకేమి పని, నీవు నన్ను వెంబడించు అన్నదే ప్రభువు ఇచ్చిన జవాబు (యోహాను 21:20–22). యోహాను గొప్పవాడా, పేతురు గొప్పవాడా అని ఆయన చెప్పలేదు. ఎవరి దారి వారికి చూపించాడు. ప్రతివాడు తన పనిని తానే పరీక్షించుకోవాలని పౌలు కూడా గలతీ సంఘానికి రాశాడు (గలతీ. 6:4). పొరుగువాడి పని పక్కన పెట్టి కొలుచుకోమని చెప్పలేదు.

తల్లులారా, తండ్రులారా! ఇస్సాకు ఏశావును, రిబ్కా యాకోబును ప్రేమించిన ఇంట్లో ఏమి జరిగిందో మనకు తెలుసు (ఆది. 25:28). అన్నదమ్ములు ఇరవై ఏళ్లు ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక మీ రెండవ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకోండి. అన్న పేరు ఎత్తకుండా, ఆ బిడ్డలో మీరు చూచిన ఒక మంచిని ఆ బిడ్డకే చెప్పండి. ఒక్కటి చాలు. చెప్పటానికి ఏదీ తోచకపోతే, ఇన్నాళ్లుగా మనం ఆ బిడ్డను చూడలేదు, పోలికనే చూశామని అర్థం.

నీడలో ఉన్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ అన్నను ఓడించడం మీ పిలుపు కాదు. మీ ముందు వేరే దారి ఉంది. ఆ దారిలో మీకు ముందుగా నడుస్తున్నవాడు మిమ్మును పేరుపెట్టి పిలిచినవాడే.

ప్రార్థన: పరమ తండ్రీ, నీవిచ్చిన బిడ్డలను ఒకరితో ఒకరిని తూచిన మా తప్పు క్షమించు. ఒక్కొక్కరిని నీవు చూచినట్టు చూచే కన్నులు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.